జింకల వేట (రాయలసీమ)

కృష్ణజింక, దుప్పి, కణితి వంటి జంతువులను పట్టడం, చంపడం. కడప జిల్లా వీరపునాయునిపల్లె పరిసరాల వంటి మెట్ట ప్రాంతాల్లో ఒకప్పుడు వేటగాళ్ల నేర్పంతా ఈ జంతువుల దినచర్యను గమనించడంలోనే ఉండేది. నేడిది శిక్షార్హమైన నేరం.

వేళలు: తెల్లవారుజామున, పొద్దువాలాక జింకలు మేతకు దిగుతాయి. ఎండ ముదిరితే దుప్పులు చెట్ల నీడకు చేరి నెమరు వేస్తాయి. కణితి ఎక్కువగా రాత్రిపూట మేస్తుంది. వేసవిలో కుంటలు ఎండితే ఈ జంతువులన్నీ మిగిలిన నీటి చెలమలకు రాక తప్పదు. పాతకాలపు వేటగాళ్లు మాటు వేసేది అక్కడే. జింకకు వాసన పసిగట్టే శక్తి ఎక్కువ. అందుకే వేటగాడు గాలికి ఎదురుగా నడిచేవాడు.

పద్ధతులు: ఉరులు, వలలు, వేటకుక్కలు వాడేవారు. మచ్చిక చేసిన మగజింక కొమ్ములకు ఉచ్చు కట్టి మందలోకి వదిలేవారు. పోటీకి వచ్చిన అడవి జింక కొమ్ములు అందులో చిక్కుకునేవి. ఇలాంటి ఎర జంతువే దీమం. రాజులు చూపుకు చిరుతపులిని పోలిన చీతాలను కృష్ణజింకలపైకి వదిలేవారు. తెలుగు కావ్యమైన మనుచరిత్రలోనూ కథానాయకుడు స్వరోచి వేట ప్రసిద్ధ ఘట్టం.

చట్టం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, వేటకు ప్రయత్నించడం కూడా వేటే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా. వేటాడకుండా చూడాలనుకుంటే, పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యంలో పొద్దున, సాయంత్రం కృష్ణజింకల మందలను చూడవచ్చు.