కంఠమునఁ బుట్టు రాచపుండు

నా ముఖము మీకుఁ గానరాదు. కంఠధ్వని మాత్రమే వినవచ్చుచున్నది. బాన్సువాడలో ననేక సంవత్సరములు బాలురకుఁ బద్యములు చెప్పిన యీ గొంతుకయే నాకు భుక్తి గడపినది. అట్టి గొంతుకలో రాచపుండు, అనఁగా నేఁడు క్యాన్సరనుచున్న వ్రణము, పుట్టినప్పుడు దానిని వైద్యు లెట్లు కనుఁగొన నేర్చిరో యా చరిత్రమును విన్నవించెదను.

పూర్వము బ్రదికియున్న మనుష్యుని నాదపేటికను జూచుట దుర్లభముగా నుండెను. 1854లో మాన్యుయెల్ గార్సియా యను సంగీతోపాధ్యాయుఁడు చిన్న యద్దమును నోటిలో నుంచి, వేఱొక యద్దముతో సూర్యరశ్మిని దానిపైఁ బ్రసరింపఁజేసి, తన స్వరతంత్రులను దానే చూచెను. వైద్యుఁడు కాని యొక గురువు వైద్యులకు దారి చూపెను. 1873లో వియన్నా నగరమున బిల్‌రోత్ అను శస్త్రవైద్యుఁడు, క్యాన్సరు సోఁకిన నాదపేటికను బూర్తిగాఁ గోసి తీసెను.

ఐనను చూచుట వేఱు, నిశ్చయించుట వేఱు. 1887 ఆరంభమున జర్మనీ యువరాజు ఫ్రెడరిక్కునకు గొంతు బొంగురుపోయెను. జర్మను వైద్యులు క్యాన్సరని శంకించి శస్త్రచికిత్సకు సిద్ధపడిరి. ఇంగ్లండునుండి వచ్చిన మెకెంజీ వైద్యుఁడు ముందుగా ముక్క తీసి పరీక్షింపవలె ననెను. ఆ ముక్కలను సూక్ష్మదర్శినిలోఁ జూచిన విర్కో పండితుఁడు క్యాన్సరు కనఁబడలే దనెను. శస్త్రచికిత్స నిలిచిపోయెను. నవంబరునాఁటికి రోగము స్పష్టమయ్యెను. 1888 మార్చిలో సింహాసన మెక్కునప్పటికే ఫ్రెడరిక్కు మాట పోఁగొట్టుకొని, చెప్పవలసినది కాగితముపై వ్రాసి చూపుచుండెను. 99 దినములు మాత్రమే యేలి జూన్ 15న మరణించెను.

అది పులిపిరివలె పైకిఁ బెరుఁగు నొక యరుదైన జాతి క్యాన్సరై యుండునని పిమ్మటివారు కొంద ఱూహించిరి. అట్టిదాని పైపొర ముక్కలో దోషము కనఁబడకపోవచ్చును; వేరు లోపల నుండును. పండితుని కన్ను తప్పలేదు. చూచిన ముక్క చాలలేదు. కావున నొకమాఱు పరీక్షలో నేమియు లేదన్నను, బాధ తీఱనిచో మరల చూపించుకొనవలెను.

నాఁటి చక్రవర్తికి లేని యుపాయములు నేఁడు సామాన్యునికిఁ గలవు. భీమవరమునఁ బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు (1895–1948) అమెరికాలో నడపిన పరిశోధనలనుండి వెలువడిన మెతోట్రెక్సేటు, శిరఃకంఠభాగముల క్యాన్సరులకును మందయ్యెను. మందులతోఁ గిరణచికిత్స జేర్చి, నాదపేటికను గోయకయే పలువురి రోగమును గుదుర్పవచ్చునని 1991లో నమెరికాలోఁ దేలెను. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగు పేరిటి క్యాన్సరు ఆసుపత్రి 1955లో వెలసెను.

మన నిజామాబాదు ప్రాంతమున బీడీ పెక్కు కుటుంబములకుఁ గూడు పెట్టుచున్నది. చుట్టువారిని నిందింపను; పీల్చువారిని మానుఁడని వేఁడుచున్నాను. మూఁడు వారములు దాటియు గొంతు బొంగురు తీఱకున్నను, మ్రింగుట కష్టమైనను, మెడలో గడ్డ కనఁబడినను, పడిశమని యుపేక్షింపక వైద్యునికిఁ జూపుఁడు. మనుమలకుఁ గథలు చెప్పవలసిన గొంతుక యది. సెలవు.