చుక్కకు కుడివైపున పది గుంటలు

నల్లగొండ జిల్లా మర్రిగూడలో రైతు నడిగి చూడుడు. తన చెలక విస్తీర్ణమును "మూడెకరాల పది గుంటలు" అని చెప్పును. ఆ మాటలో సందేహమునకు తావులేదు. దానినే కాగితముపై 3.10 అని వ్రాసినపుడు చిక్కు పుట్టును. బడిపిల్లవాడు ఆ చుక్కను దశాంశ బిందువనుకొనును. కంప్యూటరు కూడ అట్లే తలచును. పహాణీ చదువ నేర్చినవారు మాత్రము అది ఎకరములను, గుంటలను వేరుచేయు గుర్తు అని గ్రహింతురు. సంఖ్య యొక్క విలువ వేరు, దానిని వ్రాయు తీరు వేరు. ఈ భేదమును మరచినచో కలుగు నష్టమెట్టిదో విచారింతము.

మన పూర్వులు ఈ విషయమున మిక్కిలి జాగరూకులు. తెలుగు లెక్కలలో భిన్నములు పదులతోగాక నాలుగులతో సాగెడివి. పాతికకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముప్పాతికకు మూడు వ్రాసెడివారు. పాతికలో నాల్గవ వంతైన వీసమునకు అడ్డగీత. నిలువు తరువాత అడ్డము, అడ్డము తరువాత నిలువు వచ్చుటచే ఏ గీత ఏ మెట్టుదో కంటికే తెలియుచుండెను. కంప్యూటరు అక్షరముల పట్టికయైన యూనికోడ్‌లో ఈ గుర్తులకు 2008వ సంవత్సరమున స్థానము లభించినది.

ఇక గుంట సంగతి. 33 అడుగుల గొలుసును ప్రక్కకొకటిగా పరచి కొలిచిన చదరమే గుంట. అనగా 121 చదరపు గజములు. అట్టివి 40 చేరిన ఒక ఎకరము. మొదటి సాలార్‌జంగు హైదరాబాదు సంస్థానమునకు దివానుగా నున్న కాలమున (1853–1883) రెవెన్యూ సంస్కరణలు జరిగి, బొంబాయి పద్ధతి ననుసరించి భూముల సర్వే ఆరంభమైనది. 1954–55 నాటి ఖాస్రా పహాణీని తెలంగాణ రైతులు నేటికిని ఆధారముగా చూపుచుందురు.

1957 ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున నయాపైసలు వచ్చినవి. పదునారణాల రూపాయి నూరు పైసల రూపాయి ఆయెను. నాటినుండి రూపాయల ప్రక్క చుక్క పెట్టుట నిరపాయము. నూరు దశాంశమునకు లొంగును. ఆ సంవత్సరముననే అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ ఫోర్‌ట్రాన్ అను కంప్యూటరు భాషను వెలువరించినది. అందులో ఫార్మాట్ అను ఆజ్ఞ కలదు. సంఖ్యను అచ్చువేయునపుడు మొత్తము ఎన్ని స్థానములు, చుక్క తరువాత ఎన్ని అంకెలు ఉండవలెనో అది నిర్ణయించును. యంత్రమునకు 3.10, 3.1 రెండును ఒకే విలువ. కడపటి సున్నను నిలుపవలెనని మనము చెప్పనిచో అది దానిని విడిచిపెట్టవచ్చును.

ఇప్పుడొక లెక్క చూతము. అన్నదమ్ములిద్దరికి చెరి ఎకరము ఇరువదియైదు గుంటలు కలవనుకొందము. కాగితముపై 1.25, 1.25. యంత్రము వీనిని కూడి 2.50 అనును. నలువది గుంటలకే ఎకరము నిండు లెక్కలో ఏబది గుంటలు ఎట్లుండును? సరియైన మొత్తము మూడెకరముల పది గుంటలు. పోనీ, 3.10 అనియే వచ్చినదనుకొందము; కడపటి సున్న రాలి 3.1 అయినచో చదువువాడు మూడెకరముల ఒక గుంట అనుకొనును. తొమ్మిది గుంటలు, అనగా 1,089 చదరపు గజములు, కాగితముమీదనే మాయమగును. గట్టు జరుగలేదు, రాయి కదలలేదు. ఒక సున్న మాత్రమే పోయినది.

దీనికి మందు సులభమే. ఎకరములను, గుంటలను వేర్వేరు గడులలో నుంచవలెను. కూడునపుడు అన్నిటిని గుంటలుగా మార్చవలెను: 65, 65 కలిసి 130, నలువదిచే భాగించిన మూడు, శేషము పది. వ్రాయునపుడు గుంటలకు ఎల్లప్పుడు రెండంకెలు నిలుపవలెను. అప్పుడు 3.01 వేరు, 3.10 వేరు.

తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమై, భూముల లెక్కలు కంప్యూటరు తెరపైకి వచ్చినవి. కనుక ఈ ఎరుక కార్యక్రమములు వ్రాయు ఇంజనీర్లకే గాక ఇంటింటికిని అవసరము. దస్తావేజులలో అంకెల ప్రక్కన "అక్షరాల" అని మాటలలో వ్రాయు ఆచారము మన పెద్దలు ఊరక పెట్టినది కాదు. పాసుపుస్తకము చేతికి వచ్చినపుడు మనము ఆ చుక్కకు కుడివైపు ఒకసారి వ్రేలుంచి, గుంటలను నోటితో చదివి చూచుకొందము.