టర్కీది కాని టర్కీ

ఇంగ్లండులో క్రిస్మస్ నాడు ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చుంటే, బల్ల నడుమ కాల్చిన టర్కీ కోడి ఉండాల్సిందే. 1843లో డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కెరోల్'లో పిసినారి స్క్రూజ్ మనసు మారగానే గుమాస్తా ఇంటికి పంపింది దీన్నే.

పేరేమో టర్కీ. పుట్టిల్లు అమెరికా, మచ్చిక చేసింది మెక్సికో ప్రజలు. అంతకుముందే ఆఫ్రికా గినీ కోడి టర్కీ వర్తకుల మీదుగా యూరప్ చేరి, ఆ దేశం పేరుతోనే చలామణి అయింది. ఇంగ్లిషువాళ్లు అదే పేరు కొత్త పక్షికీ తగిలించారు.

మరి టర్కీవాళ్లు దీన్నేమంటారు? 'హిందీ'!

ఫ్రెంచివాళ్ల 'డేండ్' అంటే 'ఇండియాది' అని. డచ్చివాళ్ల 'కల్కూన్'లో కేరళలోని కాలికట్ దాక్కుని ఉంది. పోర్చుగీసువాళ్లకు అది 'పెరూ'. కొత్తగా కనిపించిన అమెరికాను ఇండియాతో కలిపేసిన రోజుల గుర్తులు ఈ పేర్లలో చాలావాటిలో ఇంకా మిగిలాయి.

తెలుగువాళ్లు ఇలాంటి చోట ఏ దేశం పేరూ ఎత్తలేదు. అమెరికా ఖండం నుంచే వచ్చిన చెట్టు కాయ చింతకాయలా వంకర తిరిగి కనిపిస్తే 'సీమచింత' అనేశారు. ఇక్కడ సీమ అంటే పరాయి దేశం, ఏదైనా సరే. ఈ పక్షిని మాత్రం ఎక్కువగా ఇంగ్లిషు పేరుతోనే పిలుస్తున్నారు, పక్కన 'కోడి' చేర్చి.