అంపైర్ మనవాడా, వాళ్ళవాడా? విజయనగరం నుంచి విశాఖ దాకా ఒక పాత తగువు

ఈ ఎపిసోడ్‌లో ఒక తగువు చరిత్ర చెప్పుకుందాం. రాజుల తగువు కాదు, భూముల తగువు కాదు. అంపైర్ వేలెత్తడం గురించిన తగువు.

మా వైపు, అంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, సంక్రాంతి వచ్చిందంటే కోతలైపోయిన మడుల్లో టెన్నిస్ బంతి టోర్నమెంట్లు మొదలవుతాయి. ఎంట్రీ ఫీజు కట్టాలి, ఫస్ట్ ప్రైజు, సెకండ్ ప్రైజు ఉంటాయి, మైకులో కామెంటరీ కూడా ఉంటుంది. అక్కడ ఆట వానకి ఆగదు, రనౌట్‌కి ఆగుతుంది. "అదేటి బావా, క్రీజులోకొచ్చేసినాడు గదా!" అని ఒకడు. "మీ ఊరోడే అంపైరు, మీకు ఔటెందుకిస్తాడు?" అని ఇంకొకడు. చూడండి, రెండోవాడు బంతి గురించి మాట్లాడటం లేదు. అంపైర్ ఎవడి మనిషి అని అడుగుతున్నాడు. నా ఉద్దేశంలో ఈ తగువు చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

మనం వీధిలో ఆడేటప్పుడు ఎల్‌బీడబ్ల్యూ ఉండదు. ఎందుకు ఉండదో ఎప్పుడైనా ఆలోచించారా? అంపైరింగ్ చేసేది బ్యాటింగ్ జట్టు కుర్రాడే. బౌల్డ్ అయితే వికెట్లు పడతాయి, అందరికీ కనిపిస్తుంది. క్యాచ్ కూడా అంతే. ఎల్‌బీడబ్ల్యూ ఒక్కటే పూర్తిగా ఒక మనిషి మాట మీద నిలబడే ఔటు. ఆ మనిషి మీద నమ్మకం లేదు కాబట్టి పిల్లలు ఏకంగా ఆ రూలే తీసేశారు. పెద్ద క్రికెట్‌కి ఆ రూలు తీసేసే వీలు లేదు. అందుకని మనిషిని మారుస్తూ వచ్చింది.

ఇప్పుడు 1936కి వెళ్దాం. మన విజయనగరం రాజకుమారుడు, అందరూ విజ్జీ అని పిలిచే పూసపాటి విజయ ఆనంద గజపతి రాజు, ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్. ఆయన ఆడినవి 3 టెస్టులు, చేసినవి మొత్తం 33 పరుగులు. అంతకుముందు 1930-31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి మహామహుల్ని రప్పించి తన జట్టులో ఆడించిన ఘనత కూడా ఆయనదే. కెప్టెన్సీ మాత్రం ఆట కంటే డబ్బు, పలుకుబడి వల్ల వచ్చిందని చరిత్రకారులు దాదాపు అందరూ ఒప్పుకునే మాట.

ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్ ఉన్నాడు. 1933లో బొంబాయిలో తన మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టినవాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో ఆట. ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, అతనికంటే ముందు వేరేవాళ్ళని పంపుతూ పోయారు. అతను డ్రెస్సింగ్ రూంలో కోపం దాచుకోలేకపోయాడు. కెప్టెన్ విజ్జీ, మేనేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి మొదటి టెస్టుకి ముందే అతన్ని ఇంటికి పంపేశారు.

ఇది అంపైర్ నిర్ణయం కాదు, నిజమే. కానీ తీర్పు చెప్పినవాడే తగువులో ఒక పక్షం అయితే ఏమవుతుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. తర్వాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ కమిటీ విచారణ చేసింది. 1937లో నివేదిక వచ్చింది. అమర్‌నాథ్‌ది తప్పు లేదంది, విజ్జీ కెప్టెన్సీని తప్పుపట్టింది. ఇప్పటి మాటలో చెప్పాలంటే రివ్యూలో నాటౌట్. కానీ లాభమేంటి? మధ్యలో యుద్ధం వచ్చింది. అమర్‌నాథ్ మళ్ళీ టెస్టు ఆడింది 1946లో. విజ్జీ పేరు మీద విజయనగరంలో స్టేడియం ఉంది, యూనివర్సిటీ జట్లు ఆడే విజ్జీ ట్రోఫీ ఉంది. ఆయన క్రికెట్‌కి చేసిన మేలు చెప్పుకోవాల్సిందే, ఈ సంగతి కూడా చెప్పుకోవాల్సిందే.

అక్కడినుంచి 50 ఏళ్ళు ముందుకొద్దాం. 1986 సెప్టెంబరు 22, మద్రాసు చెపాక్ మైదానం, ఆస్ట్రేలియాతో టెస్టు చివరి రోజు. మనకి లక్ష్యం 348. ఆఖరి ఓవర్లో 4 పరుగులు కావాలి, ఒక్క వికెట్టే ఉంది. గ్రెగ్ మాథ్యూస్ బౌలింగ్. రవిశాస్త్రి రెండు తీశాడు, తర్వాత సింగిల్ తీశాడు. స్కోర్లు సమం. ఇక మణీందర్ సింగ్ ఒక్క పరుగు తీస్తే గెలుపు. అయిదో బంతి ప్యాడ్‌కి తగిలింది, అంపైర్ విక్రంరాజు వేలెత్తారు. టెస్టు టై. అప్పటికి టెస్టు చరిత్రలో అది రెండో టై మాత్రమే.

బంతి ముందు బ్యాట్‌కి తగిలిందని మణీందర్ వాదన. తన నిర్ణయం సరైనదేనని విక్రంరాజు వాదన. ఎవరిది నిజమో నేను తేల్చలేను. నన్ను ఆలోచింపజేసేది వేరే సంగతి. అప్పట్లో అంపైర్లిద్దరూ ఆతిథ్య దేశం వాళ్ళే. "ఇంటి అంపైర్ ఇంటి జట్టుకే ఇస్తాడు" అన్నది ప్రపంచమంతా వినపడే ఆరోపణ. ఇక్కడ భారత అంపైర్, భారత గడ్డ మీద, గెలుపుకి ఒక్క పరుగు దూరంలో భారత బ్యాట్స్‌మన్‌కి ఔటిచ్చాడు. మెచ్చుకోవాల్సింది పోయి, "మనవాడై ఉండి ఇలాగా!" అన్నారు. ఆయన మళ్ళీ టెస్టులో నిలబడలేదు. అంటే అభిమానికి కావలసింది ఏ పక్షమూ లేని అంపైర్ కాదు, తన పక్షాన ఉన్న అంపైర్.

సరిగ్గా ఆ నవంబరులోనే లాహోర్‌లో ఇంకో కథ మొదలైంది. పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్‌కి గెలిచినప్పుడల్లా "మీ అంపైర్లు గెలిపించారు" అనే మాట విని విసుగొచ్చింది. వెస్టిండీస్‌తో టెస్టుకి మూడో దేశం అంపైర్లు కావాలన్నాడు. వెళ్ళినవాళ్ళు ఇద్దరూ భారతీయులు, ఒకరు బొంబాయి నుంచి పీలూ రిపోర్టర్, రెండోవారు మన హైదరాబాద్ వి.కె. రామస్వామి. పాకిస్తాన్‌లో పాకిస్తాన్ ఆడుతుంటే న్యాయం చెప్పడానికి భారతీయుల్ని నమ్మి పిలిచారు! 1994 నుంచి ప్రతి టెస్టులో ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే అని నియమం వచ్చింది.

తగువు తీరిందా? 2008 జనవరి, సిడ్నీ. అంపైర్లు జమైకా బక్నర్, ఇంగ్లండ్ బెన్సన్. ఇద్దరూ మూడో దేశం వాళ్ళే. 30 పరుగుల దగ్గర సైమండ్స్ బ్యాట్ అంచుకి తగిలిన బంతి కీపర్ చేతిలో పడింది. బక్నర్ నాటౌటన్నారు, సైమండ్స్ 162 చేశాడు. తగిలిందని తర్వాత అతనే ఒప్పుకున్నాడు. మన లక్ష్మణ్ 109, టెండూల్కర్ 154 చేసినా ఆ టెస్టు పోయింది. రెండో ఇన్నింగ్స్‌లో బంతి ద్రవిడ్ ప్యాడ్‌కి తగిలితే క్యాచ్ ఔటిచ్చారు. గొడవ పెద్దదై పెర్త్ టెస్టుకి బక్నర్‌ని తప్పించారు. పక్షపాతం లేకపోయినా కన్ను పొరపడుతుందని అప్పుడు తెలిసొచ్చింది.

అందుకు మందుగా అదే ఏడాది శ్రీలంకలో డీఆర్‌ఎస్ ప్రయోగించారు. ఆ సిరీస్‌లో శ్రీలంక 11 నిర్ణయాలు మార్పించుకుంటే మనవాళ్ళు మార్పించుకున్నది ఒక్కటి. ఇక మన బోర్డు ఏళ్ళ తరబడి ససేమిరా అంది. ఈసారి అనుమానం మనిషి మీద కాదు, యంత్రం మీద. బంతి ఎటు వెళ్తుందో గీసి చూపించే ఆ కెమెరాని ఎలా నమ్మాలి? మళ్ళీ పాత ప్రశ్నే, వేషం మారింది. చివరికి 2016 నవంబరులో ఇంగ్లండ్ సిరీస్‌లో ఒప్పుకున్నారు. ఆ సిరీస్‌లో రెండో టెస్టు మన విశాఖలో, మధురవాడ దగ్గరి స్టేడియంలో జరిగింది. అదే విశాఖకి మొట్టమొదటి టెస్టు. విజ్జీ పుట్టిన ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కితే ఆట మొదలయ్యే సరికి చేరిపోయే దూరం. ఆ సిరీస్‌తోనే "అంపైర్స్ కాల్" అన్న మాట మన తగువుల్లోకి బాగా వచ్చింది. బంతి సగం కంటే తక్కువ వికెట్‌కి తగులుతుందని యంత్రం చెబితే, మైదానంలో అంపైర్ మొదట చెప్పిందే నిలుస్తుంది. అంటే ఇన్ని కెమెరాలు పెట్టాక కూడా చివరికొచ్చేసరికి ఒక మనిషి మాటే.

ఒక్కసారి అమెరికా వెళ్ళొద్దాం. 2010 జూన్ 2, డెట్రాయిట్‌లో బేస్‌బాల్. వచ్చిన 27 మంది బ్యాటర్లలో ఒక్కణ్ణీ బేస్ చేరనివ్వకపోతే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు, చాలా అరుదు. గలరాగా అనే బౌలర్ 26 మందిని ఔట్ చేశాడు. 27వ వాడు స్పష్టంగా ఔట్. అంపైర్ జిమ్ జాయిస్ మాత్రం సేఫ్ అన్నాడు. రీప్లే చూశాక జాయిస్ స్వయంగా వెళ్ళి క్షమాపణ అడిగాడు. మర్నాడు ఆటకి ముందు జట్టు జాబితా కాగితం అంపైర్‌కి అందించడానికి వచ్చింది గలరాగానే. జాయిస్ కళ్ళు తుడుచుకున్నాడు. స్కోరు పుస్తకంలో తప్పు అలాగే ఉంది. మనుషులు మాత్రం విడిపోలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మా వైపు టోర్నమెంట్లలో తెల్ల చొక్కా వేసుకుని నిలబడేది మన కుర్రాడే. ఇచ్చేది భోజనం, మహా అయితే కొంచెం డబ్బులు. అతని మీదకి ఊరు ఊరంతా వచ్చేస్తుంది. ఒకసారి తిట్లు తిన్న కుర్రాడు మరుసటి సంక్రాంతికి నిలబడనంటాడు. నిలబడేవాడు లేకపోతే టోర్నమెంటే లేదు. లాహోర్‌లో చేసినట్టు ఆడని మూడో ఊరి నుంచి ఇద్దర్ని పిలవండి, టాస్‌కి ముందే రెండు జట్ల చేతా ఒప్పించండి. ఆ తర్వాత కూడా తప్పు జరుగుతుంది. అప్పుడు "అది ఔటా కాదా" అని ఎంతసేపైనా వాదించుకోండి, ఆటలో రుచే అది. "నువ్వు ఎవడి మనిషివి" అని మాత్రం అడక్కండి.

ఉంటాను, నమస్కారం.