డిజిటల్ ట్విన్: రూపకల్పనలో పరిశోధనా సమస్యలు

డిజిటల్ ట్విన్ అంటే ఒక నిర్దిష్ట భౌతిక వ్యవస్థకు కంప్యూటర్‌లో నడిచే ప్రతిరూపం. ఒక రకం ఇంజన్లన్నిటికీ కలిపి తయారుచేసిన నమూనా ట్విన్ కాదు. ఫలానా విమానంలో పనిచేస్తున్న ఫలానా ఇంజన్‌కు, దాని అరుగుదలతో, మరమ్మతుల చరిత్రతో సహా, ఆ ఒక్కదానికే చెందినది ట్విన్. ఇంజన్ సెన్సర్ల కొలతలు అందేకొద్దీ నమూనా మారుతుంది; నమూనా వేసే అంచనాలను బట్టి ఇంజన్ నడిపే తీరు, మరమ్మతు చేసే సమయం మారతాయి. ఈ రెండో దారి లేకుండా సమాచారం యంత్రం నుంచి నమూనాకు మాత్రమే చేరితే దాన్ని డిజిటల్ షాడో అంటారు. తయారీ రంగంలో వెలువడిన పరిశోధనలను 2018లో క్రిట్జింగర్ బృందం ఈ కొలబద్దతో పరిశీలిస్తే నిజమైన ట్విన్‌లు కొద్దిగానే తేలాయి.

ఈ భావనను 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రీవ్స్ వివరించాడు. పేరు పెట్టిన ఘనత నాసాకు చెందిన జాన్ వికర్స్‌కు దక్కింది. 1970లో అపోలో 13 అంతరిక్ష నౌక సిబ్బందిని కాపాడటానికి వాడిన సిమ్యులేటర్లను తొలి ట్విన్‌లుగా చెప్పడం పరిపాటి. అయితే వాటిని నౌక పరిస్థితికి తగ్గట్టు మార్చింది మనుషులే.

కొలత నుంచి కారణానికి

అన్నిటికంటే మొండి సమస్య ఇది: సెన్సర్ చెప్పేది ఫలితం, ఇంజనీరుకు కావలసింది కారణం. ఒకే కొలతకు చాలా కారణాలు ఉండవచ్చు. స్విట్జర్లాండ్‌లోని జడ్24 వంతెన దీనికి చక్కని సాక్ష్యం. కూల్చివేతకు ముందు, 1997 నవంబరు నుంచి దాదాపు ఏడాదిపాటు దాని కంపనాలను కొలిచారు. తర్వాత కావాలనే దానికి దెబ్బలు తగిలించి చూశారు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి పడిపోయినప్పుడు పైనున్న తారు పొర గట్టిపడి వంతెన సహజ పౌనఃపున్యాలు పెరిగాయి. స్తంభాన్ని కుంగదీసినప్పుడు వచ్చిన తేడా ఈ వాతావరణపు మార్పుల్లో కలిసిపోయేంతటిదే. చలిని లెక్కలోకి తీసుకోని ట్విన్ గట్టి వంతెనను దెబ్బతిన్నదని అనుమానిస్తుంది. అంతకంటే ప్రమాదకరంగా, దెబ్బతిన్నదాన్ని క్షేమమంటుంది.

నమూనా అంచనాకూ కొలతకూ పొంతన కుదరనప్పుడు దేన్ని ఎంత నమ్మాలో తేల్చడానికి 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రతిపాదించిన ఫిల్టర్, దాని వారసులు ఇప్పటికీ ఆధారం. రెండింటిలోనూ దోషం ఏ మేరకు ఉంటుందో ముందే తెలిసి ఉంటేనే అవి బాగా పనిచేస్తాయి. నమూనాలో అసలు రాయని భౌతిక ప్రక్రియ ఒకటి జరుగుతుంటే, ఫిల్టర్ ఆ తప్పును వేరే గుణకం మీదికి నెట్టి లెక్క సరిపెడుతుంది.

పదార్థమే కొత్తదైతే చిక్కు ఇంకా పెరుగుతుంది. 2021 జులైలో ఆమ్‌స్టర్‌డామ్ కాలువ మీద ప్రారంభించిన ఎంఎక్స్3డి పాదచారుల వంతెనను రోబోలు స్టెయిన్‌లెస్ స్టీల్‌ను పొరపొరగా వెల్డింగ్ చేసి ముద్రించాయి. అలా ముద్రించిన ఉక్కు బలం అన్ని దిశల్లో ఒకేలా ఉండదు. మామూలు ఉక్కు పట్టికలు దానికి చాలవు. అందుకే పరిశోధకులు వంతెనకు సెన్సర్లు అమర్చి, ట్విన్‌ను దానితో పాటే పెంచుకుంటూ వచ్చారు.

వేగమా, నమ్మకమా

వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి చేసే వివరమైన ఫినైట్ ఎలిమెంట్ లెక్కకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ట్విన్‌కు జవాబు క్షణాల్లో కావాలి. అందుకే సమీకరణాలను కుదించిన నమూనాలు, భౌతిక సూత్రాలను జోడించి శిక్షణ ఇచ్చిన న్యూరల్ నెట్‌వర్కులు వాడుతున్నారు. శిక్షణలో చూసిన పరిస్థితుల్లో ఇవి చక్కగా నడుస్తాయి. ప్రమాదాలు జరిగేది మాత్రం సాధారణంగా ఆ హద్దు దాటాకే. పైగా భాగాలను విఫలం కాకముందే మార్చేయడం మంచి నిర్వహణ; కాబట్టి వైఫల్యాల డేటా ఎప్పుడూ కొరతే.

అమెరికా జాతీయ అకాడమీలు 2023 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ఈ విషయంలో గట్టిగా మాట్లాడింది. నమూనా సరిచూడటం, అనిశ్చితిని లెక్కించడం చివర్లో చేసే తంతు కాదని, ట్విన్ జీవితకాలమంతా సాగాలని దాని సారాంశం. ఇది సరైన మాట. ఒకసారి ధ్రువీకరించిన నమూనా మరునాడు కొత్త కొలతలతో మారితే పాత ధ్రువపత్రం దేనికీ పనికిరాదు. నిరంతరం మారే సాఫ్ట్‌వేర్‌ను నిరంతరం ధ్రువీకరించే పద్ధతి ఇంకా స్థిరపడలేదు.

కలపడం, నిలపడం

వేర్వేరు సంస్థల నమూనాలను జతచేయడానికి ఎఫ్‌ఎంఐ (ఫంక్షనల్ మాక్-అప్ ఇంటర్‌ఫేస్), తయారీ రంగానికి 2021లో వచ్చిన ఐఎస్‌ఓ 23247 వంటి ప్రమాణాలు తోడ్పడుతున్నాయి. ప్రమాణాలు ఫైళ్లను కలుపుతాయి గానీ, రెండు నమూనాల వెనకున్న ఊహలు పొసగుతాయో లేదో చెప్పవు. యంత్రానికి ఆదేశాలు వెళ్లే దారి తెరిచి ఉంటుంది కనుక సైబర్ దాడి భయమూ ఉంది.

కట్టడానికీ దాని సెన్సర్లకూ మధ్య ఆయుష్షుల తేడాపై మాత్రం తగినంత పరిశోధన జరగడం లేదు. వంతెన అనేక దశాబ్దాలు నిలిచేలా కడతారు. సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ అంతకంటే చాలా ముందే పాతబడతాయి. సెన్సర్ మార్చినప్పుడల్లా కొత్త కొలతలను పాతవాటితో సరిపోల్చి సర్దాలి. లేకుంటే పరికరంలో వచ్చిన మార్పును ట్విన్ వంతెనలో వచ్చిన మార్పుగా రాసుకుంటుంది.