స్టార్‌కి అటూ ఇటూ

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సోర్సు ఫైలు ఏది తెరిచినా ఒక్క చేత్తో రాసినట్టే ఉంటుంది. హైదరాబాద్‌లో డేటాబేస్‌ల మీద బతికే నాలాంటి వాళ్ళకి ఆ కోడే పాఠ్యపుస్తకం. రాసినవాళ్ళు వందలమంది, ఎవరి అలవాట్లు వాళ్ళవి. కోడ్ అమరికను సర్దేది మాత్రం ఒక్కటే: పీజీఇండెంట్ అనే స్క్రిప్టు.

దాని లోపల పనిచేసే ఇండెంట్ ప్రోగ్రాం మూలాలు ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, 1976లో ఉన్నాయి. 1983లో బర్క్‌లీ వాళ్ళ 4.2బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిసి అది లోకం మీద పడింది. మూడేళ్ళకి అదే బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ పోస్ట్‌గ్రెస్ మొదలుపెట్టారు. 1997 సెప్టెంబరులో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ బ్రూస్ మోమ్జియన్ ప్రాజెక్టులోని సి ఫైళ్ళన్నిటినీ ఒక్క కమిట్‌తో సర్దేశారు. ఆ తర్వాత, సంక్రాంతికి ఇళ్ళకి సున్నం కొట్టినట్టు, కొత్త వెర్షన్ విడుదలకు ముందు ఏడాదికోసారి ఈ పని జరిగేది.

ఇలా సర్దడంలో అసలు చిక్కు సి భాషలోనే ఉంది. 'ఎ * బి;' అన్న లైను చూడండి. ఎ ని బి తో గుణించమనా? లేక బి అన్నది ఎ టైపుకి పాయింటర్ అనా? కంపైలర్ హెడర్ ఫైళ్ళన్నీ చదివి వస్తుంది కనక తేల్చేస్తుంది. ఇండెంట్ ఎదురుగా ఉన్న ఒక్క ఫైలే చూస్తుంది. కాబట్టి టైపు పేర్ల జాబితా ఒకటి దాని చేతికివ్వాలి. ఆ జాబితా ఏ ఒక్కరి కంప్యూటర్‌లోనూ పూర్తిగా దొరకదు, ఎందుకంటే విండోస్‌కే పరిమితమైన టైపులు లైనక్స్‌లో కంపైలే కావు. బిల్డ్‌ఫార్మ్ ఇక్కడ అక్కరకొచ్చింది. ఆండ్రూ డన్‌స్టన్ నడిపే ఈ ఏర్పాటులో స్వచ్ఛందంగా ఇచ్చిన రకరకాల యంత్రాలు కోడ్‌ని కంపైల్ చేస్తుంటాయి. వాటి డీబగ్ సమాచారంలోంచి టైపు పేర్లు ఏరి, అన్నీ కలిపి జాబితా కడతారు. పేరు తప్పిపోయిందో, స్టార్‌కి అటూ ఇటూ ఖాళీలు మిగిలిపోతాయి. ఒక్క ఖాళీ కోసం ఇంత యంత్రాంగమా అని కొత్తవాళ్ళు నవ్వుతారు. నాకైతే ఈ కథలో ఇదే గొప్ప ఘట్టం.

కామెంట్లలో పట్టికలు గీసుకునేవాళ్ళ పాట్లు వేరు. చుట్టూ గీతల కంచె కట్టకపోతే పీజీఇండెంట్ వాటిని పేరాగా కలిపి పారేస్తుంది.

2017 జూన్‌లో మరో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ టామ్ లేన్, ఫ్రీబీఎస్‌డీలో పియోతర్ స్టెఫానియాక్ బాగుచేసిన ఇండెంట్‌ని తెచ్చి, కోడ్ మొత్తాన్ని మూడు విడతల్లో మళ్ళీ సర్దారు. ఏ లైను ఎవరు రాశారని, కోడ్ చరిత్ర దాచే గిట్‌ని అడిగితే సర్దినవాళ్ళ పేరు చెప్పడం మొదలుపెట్టింది. అలాంటి కమిట్లను లెక్కలోకి తీసుకోకుండా దాటేసే వెసులుబాటు గిట్‌కి 2019లో గానీ రాలేదు.

2023లో ఇండెంట్ సోర్సే పోస్ట్‌గ్రెస్ సోర్సులో కలిసిపోయింది. ఏడాదికోసారి సర్దడంతో సరిపెట్టకుండా, ప్రతి కమిట్‌కీ సర్దాలన్న నియమం వచ్చింది. బిల్డ్‌ఫార్మ్‌లో యంత్రాలకు జంతువుల పేర్లు పెడతారు. వాటిలో కోయెల్ అనేది ఈ సంగతి చూస్తుంది. ఎవరైనా సర్దకుండా కమిట్ చేస్తే అది తప్పు చూపిస్తుంది, వెనకాలే సరిచేసిన చిన్న కమిట్ ఒకటి పడుతుంది. చరిత్రలో ఆ చిల్లర కమిట్లు చూసి చిరాకుపడేవాళ్ళున్నారు. విడుదల ముందర వేల లైన్లు ఒక్కసారే కదిలి, చేతిలోని ప్యాచ్ అతక్కుండా పోవడం కన్నా నాకు ఇదే నయం.