లేని మనిషికి సమ్మతి పత్రం: స్టాక్ చిత్రాల్లో రిలీజ్ నియమాల చారిత్రక పరిణామం

వ్యాస సంగ్రహం:
ప్రకటనల్లో ఒక మనిషి చిత్రాన్ని వాడాలంటే ఆ మనిషి రాతపూర్వక సమ్మతి కావాలన్న నియమం అమెరికాలో ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో చట్టరూపం పొందింది. స్టాక్ ఛాయాచిత్రాల వ్యాపారం దానిని ‘మోడల్ రిలీజ్’ అనే పత్రంగా స్థిరపరచింది. కృత్రిమ మేధ సృష్టించిన కల్పిత వ్యక్తుల చిత్రాలు అమ్మకానికి వచ్చాక ఆ పత్రం స్థానంలో ‘ఈ వ్యక్తి కల్పితం’ అనే ధ్రువీకరణ చేరింది. ఈ మార్పు క్రమాన్ని, దానివల్ల బాధ్యత చేతులు మారిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: మోడల్ రిలీజ్, స్టాక్ చిత్రాలు, కృత్రిమ మేధ, కల్పిత వ్యక్తులు, గోప్యత, సమ్మతి.

1. ఉపోద్ఘాతం

బ్యాంకు కరపత్రంలో నవ్వే కుటుంబం, ఆసుపత్రి ప్రకటనలో వృద్ధ దంపతులు, కళాశాల గోడపత్రంలో విద్యార్థిని – వీరిలో చాలామంది ఆ సంస్థలకు చెందినవారు కారు. ముందుగా తీసి నిల్వ ఉంచిన చిత్రాల భాండారం నుంచి కొన్న ముఖాలవి. అలాంటి చిత్రాలను స్టాక్ చిత్రాలంటారు. వాటిని వాణిజ్య ప్రకటనలకు అమ్మాలంటే చిత్రంలోని వ్యక్తి సంతకం చేసిన రిలీజ్ పత్రం ఉండాలి. చిత్రంలోని మనిషి అసలు పుట్టనే లేదంటే సంతకం ఎవరు చేయాలి? ఇది కార్యాలయ నియమానికి సంబంధించిన చిన్న సందేహంలా కనిపిస్తుంది. కానీ దీనికి జవాబు చెప్పాలంటే ఆ సంతకాన్ని ఎందుకు అడగడం మొదలుపెట్టారో చరిత్రలో వెతకాలి.

2. పిండి ప్రకటన నుంచి చట్టం వరకు

1888లో ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరాతో ఫొటో తీయడం సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. 1890లో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ హార్వర్డ్ లా రివ్యూలో గోప్యతా హక్కుపై రాసిన వ్యాసం తక్షణ ఛాయాచిత్రాల వల్ల కలిగే ఇబ్బందిని ప్రస్తావించింది. అయితే ఈ చర్చ న్యాయస్థానంలో పరీక్షకు నిలిచింది ఒక పిండి మిల్లు ప్రకటన వల్ల. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన అబిగైల్ రోబర్సన్ అనే యువతి చిత్రాన్ని ఆమె అనుమతి లేకుండా సుమారు 25,000 ప్రకటన ప్రతులపై ముద్రించి దుకాణాల్లోనూ సారాయి అంగళ్లలోనూ అంటించారు. ఆ చిత్రం అందంగానే ఉంది. దానిలో అపహాస్యం లేదు. పరిచయస్థులు తనను గుర్తుపట్టడం వల్ల కలిగిన అవమానమే ఆమె ఫిర్యాదు. 1902లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నలుగురు ముగ్గురి తేడాతో ఆమె వాదాన్ని తిరస్కరించింది. అలాంటి హక్కుకు పూర్వ తీర్పుల్లో ఆధారం లేదని, కావాలనుకుంటే శాసనసభ చట్టం చేయవచ్చని పేర్కొంది.

ప్రజల్లో వ్యక్తమైన నిరసన నేపథ్యంలో 1903లో శాసనసభ ఆ పని చేసింది. జీవించి ఉన్న వ్యక్తి పేరునుగాని చిత్రాన్నిగాని ప్రకటనలకు, వ్యాపారానికి వాడాలంటే రాతపూర్వక సమ్మతి తప్పనిసరి అయింది. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి కావాలి. నేటికీ ఈ నిబంధన న్యూయార్క్ పౌరహక్కుల చట్టంలో 50, 51 సెక్షన్లుగా అమల్లో ఉంది. 1905లో జార్జియా సుప్రీంకోర్టు ఒక బీమా కంపెనీ ప్రకటనకు సంబంధించిన పావెసిచ్ కేసులో చట్టంతో పనిలేకుండానే గోప్యతా హక్కును గుర్తించింది. ‘జీవించి ఉన్న వ్యక్తి’, ‘రాతపూర్వక సమ్మతి’ అనే రెండు మాటల మీదనే తరువాతి కాలపు రిలీజ్ పత్రం నిలబడింది.

3. స్టాక్ వ్యాపారంలో రిలీజ్ పత్రం

ఒక కంపెనీ తన ప్రకటన కోసం మోడల్‌ను పిలిపించి ఫొటో తీయించినప్పుడు ఆ చిత్రం ఎక్కడ కనిపిస్తుందో ఇద్దరికీ తెలుసు. స్టాక్ చిత్రం అలాంటిది కాదు. ఒకే చిత్రాన్ని అనేకులు కొంటారు. ఎవరు దేనికి వాడతారో ఫొటో తీసిన రోజున ఎవరికీ తెలియదు. కాబట్టి ఇక్కడి సమ్మతి భవిష్యత్తులోని తెలియని వాడకాలన్నింటికీ ముందే ఇచ్చే సమ్మతి. రిలీజ్ లేని చిత్రాన్ని వార్తలకు, విద్యా విషయాలకు మాత్రమే అమ్ముతారు.

2000లో ఐస్టాక్‌ఫొటో, 2003లో షట్టర్‌స్టాక్ వచ్చాక ఔత్సాహికులు కూడా ఇంటి నుంచి చిత్రాలను అమ్మగలిగారు. వాటితోపాటు రిలీజ్ పత్రం సేకరించే బాధ్యత కూడా ఆ ఔత్సాహికుల మీదే పడింది.

4. లైసెన్సు వేరు, సమ్మతి వేరు

2007లో ఆస్ట్రేలియాలో ఒక మొబైల్ కంపెనీ ఫ్లికర్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్న ఒక అమెరికన్ బాలిక చిత్రాన్ని ప్రకటనలకు వాడింది. ఛాయాగ్రాహకుడు ఇచ్చిన లైసెన్సు వాణిజ్య వాడకాన్ని అనుమతించింది. కానీ బాలిక పక్షాన ఎవరూ రిలీజ్ ఇవ్వలేదు. కుటుంబం టెక్సస్‌లో వేసిన దావాను న్యాయస్థానం పరిధి కారణంగా కొట్టివేసింది. అయినా ఈ వివాదం ఒక భేదాన్ని స్పష్టం చేసింది. చిత్రం మీది హక్కు తీసినవారిది, ముఖం మీది హక్కు ముఖం ఉన్నవారిది. మొదటిది లభించినంత మాత్రాన రెండోది లభించదు.

5. కల్పిత ముఖాల పుట్టుక

2014లో ఇయాన్ గుడ్‌ఫెలో బృందం ప్రతిపాదించిన గాన్ పద్ధతితో యంత్రం కొత్త ముఖాలను సృష్టించే మార్గం ఏర్పడింది. 2018 డిసెంబరులో ఎన్‌విడియా పరిశోధకులు ప్రకటించిన స్టైల్‌గాన్‌తో అవి నిజమైన ఫొటోల్లా కనిపించసాగాయి. దాని శిక్షణకు వాడిన చిత్రాల సంచయంలో 70,000 ముఖాలున్నాయి. అవి ఫ్లికర్ నుంచి, ఉదార లైసెన్సులున్న చిత్రాల నుంచి సేకరించినవి. పైన చెప్పిన భేదం ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. ఆ లైసెన్సులు ఫొటోలు పెట్టినవారివి. ఆ ముఖాల యజమానులను ఎవరూ సమ్మతి అడగలేదు.

2022 ఆగస్టులో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ శిక్షణకు లయన్-5బి సంచయంలోని భాగాలను వాడారు. ఆ సంచయంలో 585 కోట్ల చిత్ర-వచన జతలున్నాయి. మాటల్లో వర్ణిస్తే చాలు, ఎవరైనా ఒక ‘మనిషి’ చిత్రాన్ని తయారుచేయగల స్థితి వచ్చింది.

6. 2022 తరువాతి నియమాలు

ఈ చిత్రాలు అమ్మకానికి రావడంతో ఏజెన్సీలు వేర్వేరు దారులు పట్టాయి. గెట్టీ ఇమేజెస్ 2022 సెప్టెంబరులో హక్కుల సందిగ్ధతను కారణంగా చూపి వాటిని నిషేధించింది. షట్టర్‌స్టాక్ సొంతంగా చిత్రసృష్టి సాధనాన్ని అందించినా, ఇతరులు సమర్పించే కృత్రిమ చిత్రాలను స్వీకరించలేదు. అడోబి స్టాక్ 2022 డిసెంబరులో స్వీకరణకు నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం చిత్రం కృత్రిమ మేధతో చేసినదని గుర్తు పెట్టాలి. గుర్తించదగిన నిజ వ్యక్తి కనిపిస్తే మోడల్ రిలీజ్ ఉండాలి. తరువాతి కాలంలో, వ్యక్తి పూర్తిగా కల్పితమైతే ఆ విషయాన్ని ధ్రువీకరించే గడిలో గుర్తు పెడితే సరిపోయే పద్ధతి అమల్లోకి వచ్చింది.

ఇక్కడే మౌలికమైన మార్పు జరిగింది. మోడల్ రిలీజ్ చిత్రంలోని వ్యక్తి ఇచ్చే పత్రం. కల్పితమనే ధ్రువీకరణ అమ్మేవారు తమకు తామే ఇచ్చుకునేది. మొదటిదానిలో ‘నేనున్నాను, ఒప్పుకుంటున్నాను’ అనే సాక్ష్యం ఉంది. రెండోదానిలో ‘ఎవరూ లేరు’ అనే మాట ఉంది. ఉన్న మనిషిని చూపడం సులభం. ఎవరూ లేరని నిరూపించడం దాదాపు అసాధ్యం. పైగా ఆ మాట చెప్పే వ్యక్తికి యంత్రం ఏ చిత్రాలను చూసి నేర్చుకుందో తెలియదు. 2023లో కొందరు పరిశోధకులు స్టేబుల్ డిఫ్యూజన్ నుంచి శిక్షణ చిత్రాలకు దాదాపు నకళ్లైన సుమారు వంద చిత్రాలను రాబట్టారు. వాటిలో నిజ వ్యక్తుల ముఖాలూ ఉన్నాయి. అలాంటి సందర్భాలు అరుదు. అయినా సద్భావంతో పెట్టిన గుర్తు కూడా తప్పు కావచ్చునని అవి చూపుతున్నాయి. అప్పుడు ఆ ముఖం గల మనిషి చేతిలో పత్రమేదీ ఉండదు.

7. భారతీయ సందర్భం

మన దేశంలో 1903 నాటి న్యూయార్క్ చట్టం వంటిది లేదు. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు వ్యక్తి పేరును, రూపాన్ని సమ్మతి లేకుండా ప్రకటనలకు వాడటం గోప్యతా భంగమని గుర్తించింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఇటీవల నటుల రూప, స్వర హక్కులపై హైకోర్టులు ఉత్తర్వులిస్తున్నాయి. అవి ప్రధానంగా ప్రసిద్ధులకు సంబంధించినవి. సామాన్యుల స్థితి వేరు. 2018లో తెలంగాణ ప్రభుత్వ పథకాల పత్రికా ప్రకటనల్లో ఒకే గ్రామీణ మహిళ పక్కన భర్త స్థానంలో వేర్వేరు పురుషులు కనిపించడం విమర్శలకు దారితీసింది. రోబర్సన్ ఫిర్యాదుకూ ఈ ఘటనకూ మధ్య శతాబ్దానికి పైగా దూరం ఉంది. కానీ నష్టం ఒకటే: తెలిసినవారి కంట పడటం. కల్పిత ముఖాలు ఇలాంటి నష్టాన్ని తప్పించగలవన్న వాదన కొంతవరకు సమంజసమే. అయితే ఆ ముఖం నిజంగా కల్పితమైనప్పుడే అది నిలుస్తుంది.

8. ముగింపు

2025 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రమే మరో చట్టం చేసింది. ఏ నిజ నటుడిగానూ గుర్తించలేని కృత్రిమ వ్యక్తిని ప్రకటనలో వాడితే, ఆ విషయం తెలిసిన ప్రకటనకర్త దానిని స్పష్టంగా వెల్లడించాలని అది ఆదేశించింది. 1903 చట్టం చిత్రంలోని మనిషిని కాపాడింది. కొత్త చట్టం చిత్రాన్ని చూసే మనిషిని దృష్టిలో పెట్టుకుంది. ఈ రెండింటి నడుమ మూడో మనిషి మిగిలిపోయాడు. యంత్రం ఎవరి ముఖాలను చూసి నేర్చుకుందో ఆ మనిషి అతడు. స్టాక్ ఏజెన్సీ అడిగే గడిలో అతని ప్రస్తావన లేదు. కాబట్టి కల్పిత వ్యక్తుల చిత్రాలకు రిలీజ్ అవసరం లేదనడం కంటే, ఆ అవసరం అమ్మకపు దశ నుంచి శిక్షణ దశకు జరిగిందనడం చారిత్రకంగా సరైనది. సమ్మతిని అడగవలసిన చోటు మారింది. అడగవలసిన బాధ్యత మాత్రం ముగియలేదు.